చెంబెడు నీళ్ళు, నూట నలభై బెలూన్లు

నల్లగుండ్లు పొగమంచు కేంద్రం, హగరి ఎడారి.
దినచర్య పుస్తకం. రాస్తున్నది బుడగ కాపలాదారు హనుమక్క.

పండగకు ముందు రోజు. తొట్టి: ఏడో మెట్టు.

గాలి ఎటు వీచింది, మంచు ఎంత పట్టింది, తొట్టిలో నీళ్ళు ఎన్నో మెట్టు దాకా ఉన్నాయి. ఈ పుస్తకంలో ఈ మూడే రాయమని నీటి బోర్డు ఉత్తర్వు. పదకొండేళ్ళు అవే రాశాను. ఒక్కడైనా చదివినట్టు దాఖలా లేదు. అందుకని ఈ ఏడు నాకు తోచింది రాస్తున్నాను. చదివేవాడుంటే వచ్చి అడగనీ.

తెల్లారకముందే బుడగ లేపాం. తుమ్మబొగ్గు కుంపటి రాజేసి బుడగ మూతి కింద వేలాడదీసి, నేనూ నా మొగుడు ఎర్రిస్వామీ మోకు వదిలాం. నూట యాభై బారల ఎత్తున మంచు దట్టంగా ఉంది. బుడగకు కట్టిన వలలు మంచు పట్టి అరగంటలో తడిసి బరువెక్కాయి. కిందికి లాగి తొట్టి మీద పిండాం. మళ్ళీ లేపాం, మళ్ళీ పిండాం. చేతులు కొంకర్లు పోయినా ఇట్లాంటి పొద్దు ఏడాదికి పది కూడా రావు.

రేపటి నుంచి ఎనిమిది రోజులు బుడగ లేపకూడదట. ఆకాశంలో మా మోకులు అడ్డం ఉంటే బెలూన్ల పండగకు ప్రమాదమట. ఉత్సవ కమిటీ తరఫున సుచరిత అనే అమ్మాయి నిన్న వచ్చి చెప్పింది. బుడగ ఆపిన ప్రతి రోజుకూ ఒక ట్యాంకర్ నీళ్ళు బోర్డు ఇస్తుందని, ఎనిమిది రోజులకు ఎనిమిది ట్యాంకర్లని వేళ్ళు మడిచి మరీ చూపింది. ఎప్పుడిస్తారని అడిగితే, ముందు ఒక అధికారి వచ్చి మీకు నిజంగా కొరత ఉందని రాసుకోవాలి అంది.

తొట్టికి పదకొండు మెట్లు. కింది నుంచి లెక్క. రెండో మెట్టు బయటపడితే ఊరు ఖాళీ చేయించి రైలుకట్ట శిబిరానికి తోలుతారు. ఆడవాళ్ళు ఒక షెడ్డు, మగవాళ్ళు ఒక షెడ్డు. అక్కడికి పోయిన ముసలివాళ్ళు ఏడాది దాటి బతికినట్టు నేను వినలేదు. మా అత్త తిమ్మక్కకు డెబ్బై ఎనిమిది.

పండగ మొదటి రోజు. తొట్టి: ఏడో మెట్టు, కాస్త తక్కువ.

ఊరికి రెండు పాసులు పంపారు. ఎర్రిస్వామి రానన్నాడు. నేనూ పక్కింటి గంగరత్నా జీపులో పోయాం. పద్నాలుగు కిలోమీటర్లు పడమరకు పోతే వాళ్ళ మైదానం.

అబద్ధం చెప్పను, అందంగా ఉంది. నూట నలభై బెలూన్లు ఇసుక మీద పడుకుని ఉన్నవి ఒక్కొక్కటే ఊపిరి పోసుకుని లేచాయి. చేప ఉంది, టీ కప్పు ఉంది, నెమలి ఉంది. కుళాయి ఆకారంలో కూడా ఒకటి ఉంది. దాని మూతి కింద నీలం గుడ్డతో ఒక పెద్ద నీటి చుక్క కుట్టారు. గంగరత్న దాన్నే చూస్తూ నిలబడిపోయింది. మంటలు ఒక్కసారిగా వెలిగినప్పుడు నేను కూడా నోరు తెరిచాను. తరవాత నా మీద నాకే కోపం వచ్చింది.

మొదటి ఏడు వీళ్ళు వచ్చింది మా బుడగలు చూడటానికే. రంగురంగుల అతుకులు బాగున్నాయని ఫోటోలు తీసుకున్నారు. మరుసటి ఏడు వాళ్ళవి తెచ్చుకున్నారు. ఆ పై ఏడు మావి అడ్డమయ్యాయి.

ఇంటికి వచ్చేసరికి ఊరి ముందు అయిదు బెలూన్లు దిగి ఉన్నాయి. మా అత్త అరుగు మీద నిలబడి చెంబు తర్వాత చెంబు అందిస్తోంది. తాగడానికే కాదు, కాళ్ళకు కూడా. నలభై మంది. ఒకాయన రెండు గుక్కలు తాగి మిగిలింది వెనక్కి చూడకుండా ఇసుకలో పారబోశాడు. ఆ తడి ఇంకేదాకా నేను చూస్తూనే ఉన్నాను.

రెండో రోజు. తొట్టి: ఆరో మెట్టు.

పదకొండు బెలూన్లు దిగాయి. తప్పు వాళ్ళది కాదు. పొద్దుటి గాలి మైదానం నుంచి నేరుగా మా మీదికే వస్తుంది. మమ్మల్ని దాటితే అంతా గుండ్లు, దిగడానికి చోటు లేదు. బరువవుతుందని బుట్టలో నీళ్ళు పెట్టుకోరు. వాళ్ళను తీసుకుపోయే బండ్లు ఇసుకలో కూరుకుంటూ రావడానికి గంటో రెండు గంటలో పడుతుంది. ఆ గంటో రెండు గంటలూ వాళ్ళు మా వాకిట్లో.

ఎవరి నేల మీద దిగితే వాళ్ళకు ఒక సీసా ఇవ్వడం బెలూన్ల వాళ్ళ ఆచారమట. బండ్లు రాగానే పదకొండు సీసాలు దించారు. నురగలు పొంగే ద్రాక్షసారా. ఒక గుక్క తాగి చూశాను. దాహం ఎక్కువైంది.

మూడో రోజు. తొట్టి: ఆరో మెట్టు బయటపడింది.

అత్తతో గొడవ. పెళ్ళయి వచ్చిన ముప్పై నాలుగేళ్ళలో ఆమె ముందు నేను గొంతు పెంచడం ఇదే మొదలు. తాను దూర సందు లేదు, మెడకో డోలని, మనకే గతి లేదు, ఊరూరి వాళ్ళకు కాళ్ళకు నీళ్ళెందుకని అడిగాను. ఆమె చెంబు తుడుచుకుంటూ అంతా విని, నింపాదిగా ఒక్క మాట అంది.

"వాకిట్లోకొచ్చినోళ్ళకు నీళ్ళియ్యకుండ యెట్లుండేదే? అట్లయితే ఆ గుండ్లకీ మనకీ తేడా యేముంది?"

ఇసుక వచ్చిన ఏడు ఈ ఊళ్ళో బావులన్నీ పూడిపోయాయి. మనుషులు సగం మంది పోయారు. ఆ ఏడు కూడా ఇంటికి వచ్చినవాళ్ళకు కాళ్ళు తడిసేలా చారెడు నీళ్ళయినా ఇచ్చిందట ఈమె. ఈ సంగతి ఊరంతా చెప్పుకుంటారు. నేనూ పెళ్ళయిన కొత్తలో గొప్పగానే చెప్పుకున్నాను. ఇప్పుడు చెప్పుకోలేకపోతున్నాను.

మంచు ఇవాళ దట్టంగా పట్టింది. చేతులు కట్టుకుని కింద నిలబడి చూశాం. వాళ్ళ మంటలు లేచాక అరగంటలో విడిపోయింది. నూట నలభై పొయ్యిలు వెలిగిస్తే మంచు ఉంటుందా?

నాలుగో రోజు. తొట్టి: అయిదో మెట్టు.

ఇరవై రెండు బెలూన్లు. మొన్నటిదాకా గాలి తెచ్చి పడేసేది. ఇవాళ కావాలనే వచ్చారు. అత్త చెంబు పట్టుకున్న ఫోటో పండగ పత్రికలో మొదటి పేజీలో వేశారట. 'ఎడారిలో అమ్మ చేతి నీళ్ళు.' బెలూన్ నడిపేవాళ్ళు ఎక్కేటప్పుడే చెబుతున్నారట, దిగాక మిమ్మల్ని అవ్వ ఇంటికి తీసుకుపోతామని. ఆ ఫోటోలో ఉన్నట్టే తమకూ తీయాలని ఒకావిడ అత్త చేత మూడుసార్లు నీళ్ళు పోయించుకుంది. మూడుసార్లూ దోసిలి వదిలేసింది.

రెండు వందల మంది. మా పద్నాలుగు ఇళ్ళు రెండు రోజులు తాగే నీళ్ళు ఒక్క పొద్దున పోయాయి.

సుచరితకు ఫోన్ చేశాను. మీ ఊరికి ఎంత పేరొచ్చిందో తెలుసా అక్కా అని మురిసిపోయింది. పేరు సరే, ట్యాంకర్ ఏదమ్మా అన్నాను. అధికారి రావాలి కదా అంది. పోనీ పొద్దున ఒక్క గంట బుడగ లేపుకోనివ్వమన్నాను. నిబంధన ఒప్పుకోదంది. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్నాను. ఆ అమ్మాయి నవ్వి, మీ మాటలు చాలా బాగుంటాయి అక్కా, రాసి పంపండి, పత్రికలో వేద్దాం అంది.

అయిదో రోజు. తొట్టి: అయిదో మెట్టు బయటపడింది.

బోర్డు నుంచి కబురు. రేపు పరాంకుశం గారనే అధికారి తనిఖీకి వస్తాడు. కబురు తెచ్చిన డ్రైవర్ మంచివాడు, రహస్యంగా ఒక మాట చెప్పాడు. ఫోటోలు ఆఫీసులో అందరూ చూశారట. నీళ్ళు పంచేవాళ్ళకు కొరతేమిటని అడుగుతున్నారట. మిగులు ఉన్న ఊరికి ట్యాంకర్ ఇవ్వకూడదని నిబంధన ఉందట. రేపు మాత్రం ఎవరికీ చుక్క ఇవ్వకండి అని చెప్పి పోయాడు.

సాయంత్రం పద్నాలుగు ఇళ్ళ వాళ్ళనూ తొట్టి దగ్గరికి పిలిచాను. దిగి మెట్లు చూపించాను. రేపు ఆయన వచ్చి పోయేదాకా ఏ ఇంట్లోనూ చెంబు బయటికి రాకూడదని చెప్పాను. ఎండిన ఊరు ఎండినట్టే కనిపించాలి. అందరూ తలూపారు. అందరి చూపూ అత్త మీదే ఉంది.

ఆమె తొట్టిలోకి తొంగి చూసింది. నన్ను శిబిరానికి పంపుతారని భయపెడుతున్నావా అని అడిగింది. భయపెట్టడం కాదత్తా, నాకే భయంగా ఉంది అన్నాను. నిజంగానే ఏడుపొచ్చింది. అప్పుడు ఆమె నా చేతిలో చెయ్యేసి, రేపు నీళ్ళ కుండ వైపు పోను అంది. అత్త మాటిస్తే తప్పదు.

ఆరో రోజు. తొట్టి: నాలుగో మెట్టు.

గాలి తిరగబడింది. ఇసుక లేచి కళ్ళు తెరవనివ్వలేదు. పండగలో ఇవాళ బెలూన్లు లేపలేదు. మా వాకిట్లో ఒక్క మనిషీ లేడు. దేవుడు కూడా మన పక్షానే ఉన్నాడని గంగరత్న అంది.

పరాంకుశం గారు పదింటికి వచ్చాడు. అరవై దగ్గర పడిన మనిషి. బండి దిగి ఆ ఇసుకలో కిలోమీటరు నడిచి వచ్చాడు. మర్యాద గలవాడు. చెప్పులు విడిచి తొట్టిలోకి తనే దిగి మెట్లు చూసుకున్నాడు. కుంపటి చూశాడు. మడిచి పెట్టిన బుడగ మీద చెయ్యి వేసి, ఎవరు కుట్టారమ్మా అని అడిగాడు. ఫోటోల సంగతి తీశాడు. మొదట్లో దాహమని వచ్చినవాళ్ళకు ఇచ్చాం సార్, ఇప్పుడు మాకే చాలడం లేదు, మానేశాం అని చెప్పాను. తలూపి రాసుకున్నాడు. నా ప్రాణం కొంచెం కుదుటపడింది.

తరవాత మా ఇంట్లో మంచం మీద కూర్చుని కాగితాలు నింపడం మొదలుపెట్టాడు. అత్త మూలన కూర్చుని ఉంది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, ముఖం గోడ వైపు తిప్పుకుంది. ఇంటికి వచ్చిన మనిషి వైపు ఆమె చూడకుండా ఉండటం నేనెప్పుడూ ఎరుగను.

ఆయనకు దగ్గు వచ్చింది. ఇసుక గొంతులో పడ్డట్టుంది. ఎంతకీ ఆగలేదు. సంచీలోంచి సీసా తీశాడు. ఊపి చూశాడు. ఖాళీ. ఏమీ అడగలేదు. మూత బిగించి మళ్ళీ సంచీలో పెట్టుకుని, కళ్ళలో నీళ్ళు తుడుచుకుని, వంచిన తల ఎత్తకుండా రాస్తూ పోయాడు.

నేను కూర్చునే ఉన్నాను. అది మాత్రం నిజం, చాలాసేపు కూర్చునే ఉన్నాను. లేవకు హనుమక్కా, పద్నాలుగు ఇళ్ళు, అత్త, శిబిరం అని లోపల అనుకుంటూనే ఉన్నాను. మళ్ళీ దగ్గాడు. ఈసారి పెన్ను చేతిలోంచి జారింది. నేను లేచి కుండలో చెంబు ముంచాను. ముంచాక గానీ నాకు తెలియలేదు.

గటగటా తాగాడు. ఒక్క చుక్క వదల్లేదు. చెంబు రెండు చేతులతో నాకు తిరిగి ఇస్తూ, "చల్లగా ఉన్నాయమ్మా. ఇట్లాంటి నీళ్ళు తాగి ఎన్నేళ్ళయిందో" అన్నాడు.

నిజంగా దాహమో, నన్ను పరీక్షించాడో నాకు తెలియదు. ఎప్పటికీ తెలియదు. పోయేముందు వాకిట్లో నిలబడి కాగితం మీద ఇంకో రెండు వరుసలు రాశాడు.

అత్త ఒక్క మాట దెప్పలేదు. మాటిచ్చింది ఆమె, తప్పింది నేను. సాయంత్రం నా తల నిమురుతూ, "నువ్వు గాబట్టి అంతసేపు ఓర్చుకున్యావు. నేనైతే గడప తొక్కంగానే ఇచ్చిండేదాన్ని" అంది. ఆ మాటకు బదులు తిట్టినా బాగుండేది.

ఏడో రోజు. తొట్టి: నాలుగో మెట్టు బయటపడింది.

ఉత్తర్వు వచ్చింది. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

'ఈ ఊరివారు తమ అవసరాలు పోను అతిథులకూ అధికారులకూ నీరు ఇవ్వగల స్థితిలో ఉన్నట్టు స్వయంగా గమనించడమైనది. ఇతరులకు ఇవ్వగల ఊరికి కొరత ఉన్నదని భావించుటకు వీలు లేదు. ట్యాంకర్లు మంజూరు కాలేదు.'

అబద్ధం ఒక్క ముక్క లేదు. అదే నాకు మంట. దొంగ రాత రాసి ఉంటే తిట్టుకుని ఊరుకునేదాన్ని. ఆ చెంబు నీళ్ళు నేనిచ్చినవే. ఎర్రిస్వామి ఉత్తర్వు చదివి మడిచి నాకిచ్చి, మోకు పేనుకోవడానికి పోయాడు. గంగరత్న నాతో మాట్లాడలేదు. ఆమెకు ముగ్గురు పిల్లలు.

ఇవాళ ముప్పై బెలూన్లు దిగాయి. అత్త కాళ్ళకు ఇవ్వడం మానేసింది. తాగడానికి సగం చెంబు ఇచ్చింది. అంతేనా అవ్వా అని ఎవరో అడిగితే సిగ్గుతో ముఖం దించుకుంది. వాళ్ళడిగినందుకు కాదు, తనిచ్చినందుకు సిగ్గు.

రేపు పండగ చివరి రోజు కదా, మాకు సన్మానమట. నల్లగుండ్లను 'ఆతిథ్య గ్రామం'గా ప్రకటిస్తారట. వచ్చే ఏడు నుంచి బెలూన్లన్నీ అధికారికంగా ఇక్కడే దిగుతాయట. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత. అత్తనూ నన్నూ తప్పక రమ్మని సుచరిత మూడుసార్లు ఫోన్ చేసింది. పోకూడదనే అనుకున్నాను. పిలిచినప్పుడు పోకపోతే మర్యాద కాదని అత్తే ఒప్పించింది.

ఎనిమిదో రోజు. తొట్టి: మూడో మెట్టు.

వేదిక మీద కుర్చీలు వేసి కూర్చోబెట్టారు. పైన పందిరి లేదు, ఫోటోలకు వెలుతురు కావాలట. ఎదురుగా బెలూన్లు లేచాయి, చేప, నెమలి, కుళాయి. తరవాత ఉపన్యాసాలు. ఎడారి మనిషి గుండెలో ఊట ఎండదని ఒకాయన, పంచుకునే సంస్కృతి అని ఇంకొకాయన. అత్తకు శాలువా కప్పారు. నాకు అద్దం పలక ఇచ్చారు. చప్పట్లు బాగానే కొట్టారు. రెండు గంటలు ఎండలో కూర్చున్నాం.

అత్త పెదాలు ఆరిపోయాయి. వేదిక పక్కన నిలబడ్డ అమ్మాయిని సైగ చేసి పిలిచి, కాసిని మంచినీళ్ళు ఉంటే ఇయ్యమ్మా అని అడిగింది. నా ఎరుకలో ఆమె ఇంకొకరిని నీళ్ళడగడం అదే మొదటిసారి. ఆ అమ్మాయి మా చేతుల వైపు చూసింది. నీళ్ళ పందిట్లో చేతికి పచ్చపట్టీ ఉన్న అతిథులకే ఇస్తారంది.

"మేమూ అతిథులమే గదమ్మా," అంది అత్త. "పిలిస్తేనే వచ్చినాము."

"మీరు అతిథులు కాదు పెద్దమ్మా," అంది ఆ అమ్మాయి నవ్వుతూ. "మీరు కార్యక్రమం."

ఎగతాళికి అనలేదు. చేతిలో ఉన్న జాబితా చూసి చెప్పింది. అత్త సరేనమ్మా అని మళ్ళీ ముందుకు తిరిగి కూర్చుంది. సభ అయిపోయేదాకా శాలువా కొంగు తిప్పుతూనే ఉంది.

జీపు మమ్మల్ని ఊరి బయట దించేసింది. మా ఇంటి ముందు ఒక బెలూన్ కూలబడి ఉంది. అరుగు మీద అయిదుగురు కూర్చుని ఉన్నారు. మమ్మల్ని చూడగానే లేచి నిలబడి దండం పెట్టారు. మంచివాళ్ళే. ఏడెనిమిదేళ్ళ ఆడపిల్ల ఒకతె ఎండకు ముఖం కందిపోయి, తల్లి చెయ్యి విడిపించుకుని అత్త దగ్గరికి వచ్చింది.

"అవ్వా, మీరు నీళ్ళిస్తారంట కదా?"

అత్త ఆ పిల్ల తల మీద చెయ్యి వేసింది. తరవాత చెయ్యి తీసి, నా మణికట్టు పట్టుకుని లోపలికి నడిచింది. వెనక్కి తిరిగి తలుపు మూసి గడియ పెట్టింది. నేను గడియ మీద చెయ్యి వేశాను. ఆమె నా చేతిని పక్కకు తీసింది.

"మనకే సాలవు," అంది.

ఎనిమిది రోజులుగా నేను నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పిన మాటే అది. ఆ మాట ఆమె నోట వినడానికి నేనెంత పోరానో ఈ పుస్తకంలోనే ఉంది.

బయట ఆ పిల్ల తలుపు తట్టింది. ఇంట్లో ఎవరూ లేరేమో అని తల్లితో అంది. ఇప్పుడే లోపలికి పోయారు కదా అన్నాడు ఎవరో. మళ్ళీ తట్టింది. బండి వచ్చిన చప్పుడు అయ్యేదాకా మేమిద్దరం కుండ పక్కనే నేల మీద కూర్చున్నాం. మేము కూడా తాగలేదు.